ఆఫీసు పనిని వెట్టిచాకిరీ అనవచ్చా?

రుషికొండ నైట్‌షిఫ్ట్:
అమెరికా వేళలకు పని. క్యాబ్ దిగేసరికి వీధిలో పాలప్యాకెట్లు పడుతుంటాయి. మొన్న ఇంట్లో "వెట్టిచాకిరీ చేయిస్తున్నారు" అన్నాను. మామయ్య మండిపడ్డాడు: "నెలకు జీతం పుచ్చుకుంటూ వెట్టి ఏమిటిరా?" ఆ మాట వాడకూడదా?

పూర్ణామార్కెట్ పాతకాపు:
మామయ్యగారిదే న్యాయం. మా దగ్గర లారీ వచ్చినప్పుడు చూడండి. ఇద్దరు లేపి పెడితే, యాభై కిలోల బియ్యం బస్తా వీపున వేసుకుని, మెడ వంచి, పలక మీదుగా దిగుతాడు. మే నెల ఉక్కలో తలగుడ్డ పిండితే నీళ్లు కారతాయి. వెట్టి అంటే అదీ.

లాసన్స్‌బే లాయరు:
అదీ కాదండీ. బరువుకూ వెట్టికీ ముడి లేదు. బస్తా లెక్కన కూలి తీసుకుని, ఇష్టం లేకపోతే రేపు మానేసేవాడిది గొడ్డుచాకిరీ. కాదనే వీలు లేనిది వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది దాన్నే. ఇక్కడ ఇద్దరూ ఒళ్లు హూనమవడాన్నే కొలుస్తున్నారు.

రుషికొండ నైట్‌షిఫ్ట్:
జీతం ఇస్తే వెట్టి కానట్టేనా?

లాసన్స్‌బే లాయరు:
అలా అనుకోవద్దు. ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణాల్లో అప్పట్లో కనీస కూలి రోజుకు 9.25 రూపాయలు. అందులో ఒక రూపాయి, కూలీలను తెచ్చే జమాదార్లు కమిషన్‌గా కోసుకునేవారు. 1982లో సుప్రీంకోర్టు కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పనీ నిర్బంధ శ్రమేనని తీర్పు చెప్పింది. కర్ర పట్టుకుని ఎవరూ నిలబడనక్కర్లేదు, ఆకలే నిర్బంధం. మీకు ఆ బాధ లేదు. మరి మానేయగలరా?

రుషికొండ నైట్‌షిఫ్ట్:
రెండేళ్ల బాండు రాశాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలోనే ఉన్నాయి.

లాసన్స్‌బే లాయరు:
ఈ సంగతి ముందే చెప్పాల్సింది! రాత్రి డ్యూటీ గురించి ఎంత వాపోయినా జాలిపడతారంతే. సర్టిఫికెట్లు తొక్కిపెట్టడం వేరే సంగతి. చట్టం దాన్ని వెట్టి అంటుందని హామీ ఇవ్వలేను కానీ, వాసన మాత్రం అదే. వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడగండి.

పూర్ణామార్కెట్ పాతకాపు:
సరే లాయరుగారూ, మా ఊరి నుంచి ఇటుక బట్టీకి వెళ్లినవాళ్ల సంగతి? అడ్వాన్సు తీరేదాకా ఇంకోచోట పనికి కదలనివ్వరు. అడ్వాన్సు తీసుకున్నారుగా, తీర్చవద్దా?

లాసన్స్‌బే లాయరు:
అక్కరలేదు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కొట్టేసింది అచ్చంగా ఇలాంటి అప్పునే. అలా మనిషిని కట్టిపడేసిన అప్పు తీర్చే బాధ్యతే ఉండదు. నేరుగా కలెక్టరుకు అర్జీ పెట్టించండి.