ట్రిప్లాయిడ్ ఆల్చిప్పల పెంపకాన్ని సుస్థిర సాగు అనవచ్చా?

ఉప్పుగాలి:
ఒక చిప్ప తీసేసి, రెండో చిప్పలోనే పచ్చిగా వడ్డించే ఆల్చిప్పల కోసం చాలామంది ట్రిప్లాయిడ్ సీడు, అంటే పిల్ల ఆల్చిప్పలు, వేస్తున్నారు. మూడు సెట్ల క్రోమోజోములున్న వీటికి దాదాపు సంతానం ఉండదు. ప్రతి పంటకూ సీడు పుట్టించే హేచరీ గడప తొక్కాల్సిందే. తన జాతిని తాను నిలుపుకోలేని ప్రాణితో చేసే సాగుకు ‘సుస్థిరం’ అన్న పేరు నా దృష్టిలో అతకదు.

నీటిరాత:
సగమే ఒప్పుకుంటాను. మామూలు ఆల్చిప్ప సంతాన కాలంలో ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్లైకోజెన్‌నంతా అండాలకు, శుక్రకణాలకు ఖర్చు పెడుతుంది. మాంసం మొదట పాలలా మారుతుంది, విడుదలయ్యాక పలచబడి నీరోడుతుంది. పచ్చిగా తినేవారు దాన్ని ముట్టరు. ట్రిప్లాయిడ్‌కు ఆ ఖర్చు లేదు కనుక త్వరగా ఎదుగుతుంది, వేసవిలోనూ కండ నిలుస్తుంది.

సంతానలేమిని మీరు లోపమంటున్నారు. సాగు కోసం ఐరోపాకు తెచ్చిన పసిఫిక్ ఆల్చిప్ప అక్కడి వాడెన్ సముద్రంలో మసెల్ అనే మరో చిప్పజీవి గుట్టలను ఎలా ఆక్రమించిందో చూడండి. పరాయి జాతిని పెంచేచోట, పూర్తిగా కాకపోయినా, ఆ లోపమే కాపలా. పైగా ఇందులో కొత్త జన్యువును చొప్పించేదేమీ లేదు. నాలుగు సెట్లున్న మగదాన్ని రెండు సెట్లుండే మామూలు ఆడదానితో కలుపుతారు, అంతే. గింజల్లేని అరటి కూడా మూడు సెట్లదే కదా!

ఉప్పుగాలి:
వాడెన్ మాట కాదనను. హేచరీ మాట మాత్రం దాటవేశారు. 2007, 2008లలో అమెరికాలోని ఒరెగాన్ తీరాన విస్కీ క్రీక్ హేచరీలో లార్వాలు, అంటే ఇంకా ఈదే దశలోని పిల్లలు, పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. సముద్రపు లోతుల నుంచి పైకి వచ్చిన నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై, అవి చిప్ప కట్టుకోలేకపోయాయి. అక్కడి సీడు మీద ఆధారపడినవారి గతేమిటి?

చిప్పలబుట్ట:
ఉప్పుగాలి గారూ, ఆ దెబ్బ మామూలు సీడుకూ తగిలేదే. సహజంగా దొరికే పిల్లలు పాత చిప్పలకు అంటుకుని గుత్తులుగా, వంకరటింకరగా పెరుగుతాయి. పళ్లెంలో పెట్టడానికి విడివిడి ఆల్చిప్ప కావాలంటే, లార్వాలను చిప్పల పొడి రేణువుల మీద ఒక్కొక్కటిగా స్థిరపడనివ్వాలి. అది హేచరీ పని. విస్కీ క్రీక్ హేచరీ కూడా నీటిని నిత్యం పరీక్షిస్తూ, సోడియం కార్బొనేట్ కలుపుతూ కోలుకుంది.

ఇంకో మాట. లోతైన గిన్నెలాంటి రూపం సీడుతో వచ్చేది కాదు. బుట్టలను దొర్లిస్తే చిప్ప పలచని అంచు విరుగుతుంది, ఆల్చిప్ప పొడవు సాగడం మాని లోతుకు పెరుగుతుంది. నడుములు విరిగేది మావే అనుకోండి!

నా భయం వేరు. అమెరికా తూర్పు తీరాన చెసపీక్ అఖాతం వైపు, అమ్మకానికి చేరువైన ట్రిప్లాయిడ్లు వసంతం చివర చచ్చిపోయిన సందర్భాలు ఉన్నాయి. అందుకే ట్రిప్లాయిడ్, మామూలు రెండూ వేస్తాను.

ఉప్పుగాలి:
మరి వేసవిలో ఏది అమ్ముతారు?

చిప్పలబుట్ట:
ట్రిప్లాయిడ్లే. మామూలువి చలికాలం దాకా ఆగుతాయి. అప్పటికి మళ్లీ కండ పడతాయి. ఆ రోజుల్లో రెండూ పక్కపక్కన పెట్టి తినమంటే, ఏది ఏదో నేనే పోల్చుకోలేను.