లండన్ మ్యాపుని కాకినాడతో ఎలా పోల్చాలండీ? వైవా దగ్గరపడింది

ప్రశ్న (రామచంద్రపురం, ఎంఏ పొలిటికల్ సైన్స్)
నమస్తే అండి. లండన్ మేయర్ ఎన్నికలు, మన కాకినాడ కార్పొరేషన్ ఎన్నికలు పక్కపక్కన పెట్టి, ఏ ప్రాంతం ఎటు ఓటేసింది, గెలిచినవాళ్లు నాయకులుగా ఎంత దూరం వెళ్తారు అన్నది రాయమన్నారు మా గైడ్ గారు. లండన్ 2024 మ్యాపు చూస్తే శివార్లలో చాలావరకు నీలం, అంటే కన్జర్వేటివ్‌లు, మొత్తం మీద దాదాపు సగం అదే రంగు. మరి లేబర్ పార్టీ సాదిక్ ఖాన్ 2.76 లక్షల తేడాతో ఎలా గెలిచాడు? కాకినాడకీ ఇలాంటి మ్యాపే గీసేయనా? వైవా వచ్చే వారమే, టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

జవాబు (తణుకు, రిటైర్డ్ లెక్చరర్)
ముందు ఆ మ్యాపు పక్కన పెట్టమ్మా. శివారులో ఉన్న బ్రామ్లీ 150 చదరపు కిలోమీటర్లు, జనం 3.3 లక్షలు. నగరం నడిమధ్య ఇస్లింగ్టన్ 15 చదరపు కిలోమీటర్లు, జనం 2.16 లక్షలు. విస్తీర్ణం పది రెట్లు, జనం చూస్తే ఒకటిన్నర రెట్లే, కానీ కంటికి బ్రామ్లీ నీలమే ఆనుతుంది. అందుకని ప్రతి ప్రాంతానికీ పోలైన ఓట్లు, పోలింగ్ శాతం, ఆధిక్యం మూడూ పట్టికలో వేసుకో, మ్యాపు చివర్లో అలంకారానికి పెట్టుకో.

అలాగని శివార్లని తీసిపారేయకు. 2008లో కన్జర్వేటివ్ బోరిస్ జాన్సన్ మేయర్‌గా గెలిచింది వాటి బలంతోనే. దాన్ని డోనట్ వ్యూహం అన్నారు, మన గారె అనుకో, మధ్య చిల్లు వదిలేసి చుట్టూ ఉన్నదంతా పట్టుకోవడం. 2004లో 37 శాతం ఉన్న పోలింగ్ 2008లో 45కి పెరిగింది, రెండో ప్రాధాన్య ఓట్లు (అప్పట్లో ఓటరు తన రెండో ఎంపిక కూడా చెప్పేవాడు) కలిపాక ఆయనకి 53.2, అప్పటి మేయర్, లేబర్ పార్టీ కెన్ లివింగ్‌స్టన్‌కి 46.8 శాతం. తర్వాత 2015లో ఆయన ఎంపీ అయింది కూడా అదే శివారు పట్టీలోని అక్స్‌బ్రిడ్జ్ నుంచి, 2019లో ప్రధాని. గెలిచినవాళ్లు ఎంత దూరం వెళ్తారన్న ప్రశ్నకి లండన్ వైపు జవాబు ఇదే.

జవాబు (కాకినాడ, జగన్నాథపురం)
చెల్లెమ్మా, కాకినాడ దగ్గరకి వచ్చేసరికి లెక్క మారిపోద్ది. లండన్‌లో జనం నేరుగా మేయర్‌కి ఓటేస్తారు. ఇక్కడ నేను వేసేది మా డివిజన్ కార్పొరేటర్‌కి, మేయర్ని ఎన్నుకునేది కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో హోదాలో, అంటే తమ పదవి రీత్యా, ఎమ్మెల్యేలు, ఎంపీలూను. దుమ్ములపేట, పర్లోపేట ఒక గుంపు, ఉప్పుటేరు ఇవతల మా జగన్నాథపురం ఒకటి, రామారావుపేట, గాంధీనగర్ ఒకటి, అలా డివిజన్లని విడగొట్టి ఓట్లు కూడితే ప్రాంతాల చీలిక కనపడుతుంది గానీ, అది మేయర్‌కి పడ్డ ఓటు అని మాత్రం రాయకు, వైవాలో దొరికిపోతావు.

ఇంకోటి, 2017లో ఎన్నిక జరిగింది 48 డివిజన్లకి. టీడీపీ 32, బీజేపీ 3, వైసీపీ 10, ఇండిపెండెంట్లు 3. టీడీపీ, బీజేపీ సీట్లు పంచుకున్నాయి కాబట్టి బీజేపీ నిలబడ్డ చోట టీడీపీ గడి ఖాళీగా ఉంటది. ఆ రెండూ ఒకే కాలమ్‌లో కలపకపోతే అక్కడ టీడీపీ ఊడ్చుకుపోయిందని ఎక్సెల్ చెప్తుంది, నువ్వూ నమ్మేస్తావు.

ప్రశ్న అడిగినవారు
అంటే మేయర్ భవిష్యత్తుకీ, ప్రాంతాల ఓటుకీ అసలు సంబంధమే లేదా అండి?

జవాబు (కాకినాడ, జగన్నాథపురం)
ఉంది గానీ పలచన. అంత మెజారిటీతో వచ్చిన టీడీపీ మేయర్ని 2021 అక్టోబరులో అదే పాలకవర్గం అవిశ్వాసం పెట్టి దించేసింది. మధ్యలో ఒక్క డివిజన్ జనం కూడా మనసు మార్చుకున్నట్టు ఓటేసి చెప్పింది లేదు, మారింది కార్పొరేటర్లు, అప్పటికి రాష్ట్రంలో ప్రభుత్వం మారిపోయి ఉంది కదా. విశాఖలోనూ అదే కథ. 2021లో 98 వార్డుల్లో 58 వైసీపీవి. 2024లో ప్రభుత్వం మారింది, 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసానికి సరిగ్గా కావాల్సిన 74 ఓట్లు పడ్డాయి, మేయర్ దిగిపోయారు. లండన్ మేయర్ని ఇలా మధ్యలో దించే పద్ధతి లేదు, కాబట్టి ఆయన నాలుగేళ్లూ జనానికే సమాధానం చెప్పుకుంటాడు.

జవాబు (భీమవరం)
మరీ అంత తేలిగ్గా తీసేయకండి గురూగారూ. దేవేంద్ర ఫడ్నవీస్ 1997లో నాగపూర్ మేయర్, అక్కడా ఎన్నుకున్నది కార్పొరేటర్లే, 2014లో ముఖ్యమంత్రి అయ్యారు. పరోక్ష ఎన్నికైతే ఎదగలేరని రాస్తే తప్పు.

జవాబు (తణుకు, రిటైర్డ్ లెక్చరర్)
ఒప్పుకుంటాను, కానీ ఆయన్ని పైకి తీసుకెళ్లింది పార్టీ, ఎమ్మెల్యే సీటు. మేయర్ కుర్చీ తొలి మెట్టు మాత్రమే. అమ్మాయీ, ఒక పేరా రిజర్వేషన్ మీద కూడా రాయి, ఇది చాలామంది వదిలేస్తారు. మన దగ్గర మేయర్ పదవి రిజర్వేషన్ మారుతూ ఉంటుంది, ఎంత బాగా పనిచేసినా వచ్చేసారి ఆ కుర్చీకి పోటీపడే అర్హతే ఉండకపోవచ్చు. ఖాన్ 2016, 2021, 2024 మూడుసార్లు వరసగా గెలవగలిగాడంటే అక్కడ ఆ అడ్డు లేదు. కాకినాడ డివిజన్ల పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టు, కూడికలు నేను సరిచూస్తాను.