కెరటాల మీద ఏది నిలుస్తుంది: హైడ్రోప్లేనా, చదునడుగు పడవా?

కొత్తచెక్క (భీమిలి)
నా దగ్గర 10 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు ఒకటి ఊరికే పడి ఉంది. దానికి తగ్గట్టు ప్లైవుడ్‌తో 3 మీటర్ల పడవ సొంతంగా కట్టుకుని, గోస్తని నది సముద్రంలో కలిసే చోట తిప్పాలని ఆశ. పొద్దున్నే నీళ్లు నూనె పోసినట్టు ఉంటాయి. పదకొండు దాటితే గాలి లేచి మూరెడు అల వస్తుంది. మిత్రుడేమో హైడ్రోప్లేన్ కట్టమంటున్నాడు, అది నీటిని తాకీ తాకకుండా పోతుంది కనుక అల దాన్ని ఏమీ చేయదట. మా మామయ్య అడుగు చదునుగా ఉన్న పడవ అయితేనే ఎక్కుతానని కూర్చున్నాడు. ఎవరి మాట వినాలి?

నీటితోక (సియాటిల్)
మీ మిత్రుడిదే సరైన మాట. ఇక్కడ వాషింగ్టన్ సరస్సులో ప్రతి వేసవీ హైడ్రోప్లేన్ పందేలు జరుగుతాయి, గట్టున నిలబడి చూస్తుంటాను. 1950లో స్లో మో షన్ 4 అనే పడవ గంటకు 160 మైళ్లు దాటి రికార్డు కొట్టింది ఈ నీటి మీదే. మూడు బిందువుల హైడ్రోప్లేన్ వేగం అందుకున్నాక ముందు రెండు పక్కలా ఉన్న తేలు దిమ్మల చివర్లు, వెనక ప్రొపెల్లర్ మాత్రమే నీటిని తాకుతాయి. అల కొట్టడానికి అడుగు దొరికితే కదా!

చదునడుగు సంగతి నా నడుముకు బాగా తెలుసు. 14 అడుగుల అల్యూమినియం జాన్ బోటు కొన్నాను. ఒక సాయంత్రం ఆదివారపు పడవలన్నీ రేపిన అలలకు ఎదురుగా సరస్సు దాటాను. ఒక్కో అలకు అడుగు మొత్తం ఒకేసారి పడి, రేకు డబ్బాను నేలకేసి బాదినట్టు మోగింది. ఫ్లాస్కు మూత ఊడి కాఫీ అంతా నా భార్య ఒళ్లో పడింది. ఆ రోజు నుంచి ఆమె ఆ పడవ ఎక్కలేదు.

రేవుగట్టు (కాకినాడ)
నీటితోక గారూ, ఆ పూట ఎంత వేగంతో పోయారో మాత్రం రాయలేదు. చదునడుగును పరిగెత్తిస్తే బాదుతుంది, నిజమే. నెమ్మదిస్తే బాదదు.

హార్బరు లేని రోజుల్లో మద్రాసులో ఓడ దిగినవారిని ఒడ్డుకు చేర్చింది మసులా పడవ. చదునైన అడుగు, ఎత్తైన పక్కలు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు, మేకులు ఉండవు, లోపల పక్కటెముకల్లాంటి బద్దలూ ఉండవు. కెరటం కొడితే పడవ ఒళ్లంతా కాస్త వంగి ఆ దెబ్బను మింగేది. మేకులు కొట్టి బిగించిన ఓడ పడవలు ఆ ఒడ్డు కెరటాల్లో పగిలిపోయేవి. మన తెప్ప అయితే మరీ సులువు, అడుగే లేదు, దుంగల సందుల్లోంచి నీళ్లు వచ్చినట్టే వచ్చి పోతాయి.

మీ అమెరికాలోనే ఆరెగాన్ తీరాన పసిఫిక్ సిటీలో జాలర్లు డోరీలనే చదునడుగు పడవలను ఇసుక మీద నుంచి నేరుగా కెరటాల్లోకి తోస్తారు. వచ్చేటప్పుడు వేగంగా వచ్చి ఇసుక మీదకే ఎక్కిస్తారు. అడుగున కిందికి పొడుచుకొచ్చిన పలక లాంటిది ఉంటే ఆ పని కుదరదు.

నీటితోక (సియాటిల్)
ఒప్పుకున్నాను, వేగంగానే పోయాను. కానీ అడిగినవారి దగ్గర ఉన్నది తెడ్డు కాదు, 10 హార్స్‌పవర్ మోటారు. పరిగెత్తించకుండా ఉంటారా?

కొలతబద్ద (విశాఖపట్నం)
నౌకా నిర్మాణం చదివి ఇరవై ఏళ్లుగా అదే పనిలో ఉన్నాను. మీ ఇద్దరి వాదనలోనూ ఒక్కొక్క ముక్క జారిపోయింది.

నీళ్లు అద్దంలా ఉన్నప్పటి కంటే సన్నటి తరగ ఉన్నప్పుడే హైడ్రోప్లేన్ హాయిగా పోతుంది. నున్నటి నీరు అడుగును పట్టి ఉంచుతుంది, తరగ ఆ పట్టు విడిపిస్తుంది. అక్కడి వరకు నీటితోక గారిది నిజం. అల పొడవు పడవ పొడవుకు దగ్గరయ్యేసరికి కథ మారుతుంది. ముక్కు లేస్తుంది, రెండు దిమ్మల నడుమ సొరంగంలోకి గాలి దూరి పడవను విమానం రెక్కలా పైకెత్తుతుంది. విమానానికైతే నిలకడగా ఉంచే తోక ఉంటుంది, మామూలు హైడ్రోప్లేన్‌కు ఉండదు. వెల్లకిలా పల్టీ కొడుతుంది. పందెగాళ్లు బిల్ మన్సీ 1981లో, డీన్ షెనొవెత్ 1982లో చనిపోయింది ఇలాంటి పల్టీల్లోనే. ఆ తర్వాతే పందెపు పడవల్లో నడిపేవారి మీద యుద్ధ విమానాల తరహా మూత వచ్చింది. 1967 జనవరి 4న ఇంగ్లండులోని కోనిస్టన్ సరస్సులో వేగపు రికార్డు కోసం పోతున్న డొనాల్డ్ క్యాంప్‌బెల్ పడవ బ్లూబర్డ్ కూడా అలాగే లేచిపోయింది. మొదటి పరుగులో తన పడవే రేపిన అలలు సద్దుమణగక ముందే వెనక్కి తిరిగాడని కొందరు, ఇంజను ఆగిందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. 1952లో స్కాట్లాండులోని లాక్ నెస్ సరస్సులో, అదే రికార్డు కోసం పోతున్న జాన్ కాబ్ పడవ అలల మీద పడి ముక్కలైంది. వాటికి తుఫానులు అక్కర్లేదు.

నీటితోక (సియాటిల్)
అవి గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటే జంతువులండీ! 10 హార్స్‌పవర్‌కు 3 మీటర్ల ప్లైవుడ్ ముక్క ఎక్కడ గాల్లోకి లేస్తుంది?

కొలతబద్ద (విశాఖపట్నం)
లేవకపోవచ్చు. నా భయం అది కాదు, ఆగిపోయినప్పటి సంగతి. హైడ్రోప్లేన్ వేగంలో ఉన్నంత సేపే పడవ. మోటారు దగ్గినా, నాచు చుట్టుకున్నా అది నీటిలోకి కూర్చుంటుంది. పక్కల ఎత్తు జానెడు ఉంటే గొప్ప. మూరెడు అల పక్క నుంచి వస్తే నేరుగా ఒళ్లోకే వస్తుంది. అల పెరిగితే సరంగు చేసే మొదటి పని వేగం తగ్గించడం. ఈ పడవలో ఆ వీలే లేదు, తగ్గించిన క్షణం నుంచే ఇబ్బంది మొదలు. చదునడుగు పడవ మోటారు ఆపినా పడవే.

రేవుగట్టు గారికి కూడా ఒక మాట. డోరీ నిలిచేది అడుగు చదును వల్ల మాత్రమే కాదు. పక్కలు బయటికి విచ్చుకుని ఉంటాయి, అడుగు ముందూ వెనకా కాస్త పైకి వంగి ఉంటుంది. ఒరిగేకొద్దీ పక్కలు నీటిని పట్టుకుంటాయి, సరుకు పడేకొద్దీ కుదురుగా కూర్చుంటుంది. నిలువు పక్కల అట్టపెట్టె లాంటి పడవ కట్టి డోరీ అనుకోవద్దు.

అలల్లోనే వేగం కావాలంటే అడుగు వి ఆకారంలో ఉండాలి. 1960 మయామీ నస్సావు పడవ పందెంలో సముద్రం రేగి ఉన్న రోజున రే హంట్ గీసిన లోతైన వి అడుగు పడవ మాపీ గెలిచింది. అది నీటిని కోస్తుంది, బాదదు. అయితే దాన్ని లేపడానికి 10 హార్స్‌పవర్ ఏ మూలకూ చాలదు.

రేవుగట్టు (కాకినాడ)
అట్టపెట్టె మాట నిజమే, మా దగ్గర కూడా అలాంటివి కట్టి చేతులు కాల్చుకున్నవారు ఉన్నారు. కొత్తచెక్క తమ్ముడూ, ఇంతకీ మీ మామయ్య పడవ పని చేసేవారా?

కొత్తచెక్క (భీమిలి)
చేసేవారు. వేటకు వెళ్లేవారు. ఈ చర్చంతా ఆయనకు చదివి వినిపించాను. హైడ్రోప్లేన్ బొమ్మ ఫోనులో చూపిస్తే చాలా సేపు చూసి, "దీంట్లో వల ఎక్కడ పెడతారు?" అని అడిగారు. వల వేయను మామయ్యా అంటే, "మరి నీళ్లు తోడటానికి డబ్బా ఎక్కడ పెడతారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

డోరీ లాంటిదే కడతాను. పక్కలు ఎంత విచ్చుకోవాలో కొలతబద్ద గారు చెప్పగలరా?

కొలతబద్ద (విశాఖపట్నం)
మోటారు బరువు, ఎక్కే మనుషుల సంఖ్య రాయండి. అసలు డోరీ వెనక సన్నగా ఉంటుంది, మోటారు తగిలిస్తే అక్కడ కూరుకుపోతుంది. మీకు వెనక వెడల్పుగా కోసిన రకం కావాలి. లైఫ్ జాకెట్లు పడవ కంటే ముందు కొనండి, మామయ్యకు కూడా.

నీటితోక (సియాటిల్)
పొద్దున నీళ్లు నూనెలా ఉంటాయన్నారు కదా, ఆ రెండు గంటల కోసమైనా హైడ్రోప్లేన్ కట్టవచ్చని ఇప్పటికీ అంటాను. నా జాన్ బోటు అమ్మకానికి ఉంది, కానీ భీమిలి కాస్త దూరం.