ప్రచ్ఛన్న యుద్ధానికి తొలి తప్పు ఎవరిది: స్టాలిన్‌దా, ట్రూమన్‌దా?

వెన్నెలదారి:
మా తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. వాడి నోట్సులో ఒకే ఒక్క వాక్యం ఉంది: "1947 మార్చి 12న ట్రూమన్ సిద్ధాంతంతో ప్రచ్ఛన్న యుద్ధం మొదలైంది." కమ్యూనిస్టుల ఒత్తిడి ఎదుర్కొనే దేశాలకు అండగా ఉంటామని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటించిన రోజది. పరీక్షకి అది చాలేమో గానీ నాకు మింగుడు పడలేదు. 1945 ఏప్రిల్ 25న ఎల్బే నది ఒడ్డున అమెరికా, సోవియట్ సైనికులు చేతులు కలిపారు. మూడేళ్లు తిరిగేసరికి అదే జర్మనీలో ఒకరు రోడ్లు, రైలుదారులు మూసేస్తే ఇంకొకరు విమానాల్లో బొగ్గు మోశారు. ఈ మధ్యలో ఎక్కడ చెడింది? ముందు మాట తప్పింది ఎవరు? రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం, తేలలేదు. తెలిసినవాళ్లు తేదీలతో సహా చెప్పండి.

గట్టుమీద:
స్టాలిన్. నాకు ఇందులో అనుమానమే లేదు. పోలండ్ ఒక్కటి చూడండి చాలు. 1939లో బ్రిటన్ యుద్ధంలోకి దిగిందే పోలండ్ కోసం. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో చర్చిల్, రూజ్‌వెల్ట్‌లతో కూర్చుని, అక్కడ స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని స్టాలిన్ సంతకం పెట్టాడు. రెండు నెలలైనా కాలేదు. మార్చి చివర్లో, జర్మన్ల మీద రహస్యంగా పోరాడిన పోలిష్ నాయకులు 16 మందిని మాట్లాడుకుందాం రమ్మని పిలిచి, పట్టుకుని మాస్కో తీసుకెళ్లి, జూన్‌లో బోనెక్కించారు. వాళ్లు హిట్లర్‌తో తలపడినవాళ్లండీ! ఎన్నికలు చివరికి 1947 జనవరిలో జరిగాయి, బెదిరింపుల మధ్య, రిగ్గింగుతో.

రుమేనియాలోనూ ఇదే కథ. యాల్టా ముగిసిన నెలలోనే సోవియట్ విదేశాంగ ఉపమంత్రి విషిన్‌స్కీ బుకారెస్ట్‌లో దిగి, రాజు మిహాయ్‌ని ప్రభుత్వం మార్చమని బెదిరించాడు. వెళ్తూ వెళ్తూ తలుపు విసిరికొడితే గోడ పెచ్చు ఊడిందని చెబుతారు. మార్చి 6కల్లా మాస్కోకి కావలసిన గ్రోజా ప్రభుత్వం వచ్చేసింది. 1946 మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ యూరప్ మధ్య "ఇనుప తెర" దిగిందన్నాడని ఆయన్ని తప్పుపడతారు. తెర అప్పటికే దిగిపోయింది, ఆయన పేరు పెట్టాడంతే.

చలిమంట:
గట్టుమీద గారూ, చర్చిల్ పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. 1944 అక్టోబర్ 9 రాత్రి మాస్కోలో ఆయన చేసిందేమిటి? ఒక కాగితం ముక్క మీద రుమేనియాలో రష్యాకి 90 శాతం, గ్రీసులో బ్రిటన్‌కి 90 శాతం, యుగోస్లావియాలో చెరి సగం అని రాసి బల్ల మీద స్టాలిన్ వైపు జరిపాడు. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. ఇది స్వయంగా చర్చిలే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. రుమేనియాని అలా రాసిచ్చేసిన మనిషి, ఏడాదిన్నర తర్వాత దాని గురించే గుండెలు బాదుకుంటే ఎలా నమ్మాలి?

యుద్ధంలో సోవియట్ యూనియన్ పోగొట్టుకున్న ప్రాణాలు సుమారు 2 కోట్ల 70 లక్షలు. అమెరికా పోగొట్టుకున్నది సుమారు 4 లక్షలు. ఎవరి ప్రాణమైనా ప్రాణమే, కానీ ఇంటింటా చావు చూసిన దేశం సరిహద్దు గురించి ఆలోచించే తీరు వేరు. జర్మన్ సైన్యం 30 ఏళ్లలో రెండుసార్లు పోలండ్ నేల మీదుగానే వచ్చింది మరి.

అటు అమెరికా ఏం చేసింది? జర్మనీ లొంగిపోయి వారం తిరక్కుండా యుద్ధంలో మిత్రదేశాలకు సరుకులిచ్చే లెండ్ లీజ్ సాయం ఆపేసింది. సముద్రం మీదున్న ఓడల్ని సైతం వెనక్కి పిలిచారు. ట్రూమన్ తర్వాత ఆ ఉత్తర్వు సడలించాడు గానీ చేదు మిగిలిపోయింది. జూలై 24న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో స్టాలిన్ దగ్గరికి మామూలుగా వెళ్లి, మా దగ్గర చాలా శక్తిమంతమైన కొత్త ఆయుధం ఉందని మాత్రం అన్నాడు. అణుబాంబు అన్న మాటే ఎత్తలేదు. గూఢచారుల పుణ్యాన స్టాలిన్‌కి ఆ సంగతి ముందే తెలుసు. పక్కన కూర్చున్న మిత్రుడు దాస్తున్నాడని తెలిశాక నమ్మకం ఎక్కడ మిగులుతుంది?

పాతఅట్లాసు:
మీరిద్దరూ చెప్పినవి జరిగినవే. కానీ జర్మనీ మాట ఎవరూ ఎత్తలేదు. నా లెక్కలో తగువు ముదిరింది అక్కడ, అదీ పరిహారం దగ్గర.

యాల్టాలో సోవియట్‌లు అడిగిన యుద్ధ పరిహారం మొత్తం 2,000 కోట్ల డాలర్లు, అందులో సగం తమకి. పోట్స్‌డామ్‌లో ఒక సర్దుబాటు జరిగింది. గెలిచిన దేశాలు జర్మనీని మండలాలుగా పంచుకున్నాయి కదా, ఎవరి ఆక్రమణ మండలం నుంచి వాళ్లు తీసుకోవాలి. దానికి తోడు పశ్చిమ మండలాల్లో అదనంగా ఉన్న ఫ్యాక్టరీ సామగ్రిలో 10 శాతం సోవియట్‌లకి ఉచితం, ఇంకో 15 శాతం తిండిగింజలు, బొగ్గు లాంటి సరుకులకు బదులుగా. సోవియట్‌లు తమ మండలంలో ఫ్యాక్టరీలకు ఫ్యాక్టరీలే ఊడదీసి రైళ్లకెక్కించారు. జంట లైన్లున్న చోట రెండో లైను పట్టాలు కూడా పీకి పట్టుకెళ్లారు. అయినా అసలు సంపద బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలున్న రూర్ లోయలో ఉంది. అది బ్రిటిష్ మండలంలో పడింది.

అమెరికా, బ్రిటన్ కష్టం వేరే. ఆకలితో ఉన్న జర్మన్లకి తిండి వాళ్లే తెప్పించాలి. ఒకపక్క మేం పోస్తుంటే ఇంకోపక్క నుంచి వాళ్లు తోడుకుపోతున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. 1946 మేలో అమెరికా మండలం చూసుకునే జనరల్ క్లే అక్కడి నుంచి పరిహారం పంపకం నిలిపేశాడు. 1947 జనవరి 1న బ్రిటిష్, అమెరికన్ మండలాలు ఆర్థికంగా ఒకటయ్యాయి. మాస్కో నుంచి చూస్తే పరిహారం పోయింది, రూర్ పోయింది, పాత శత్రువు అవతలి పక్షాన లేచి కూర్చుంటున్నాడు. వాషింగ్టన్ నుంచి చూస్తే జర్మనీ బొగ్గు కదలకపోతే పశ్చిమ యూరప్ పొయ్యి వెలగదు, ఫ్రాన్స్, ఇటలీల్లో కమ్యూనిస్టులు గెలుస్తారు. రెండు భయాలూ నిజమైనవే. అందుకే ఇది నాకు బాధ కలిగించే చరిత్ర.

అప్పటికీ అన్ని దారులూ మూసుకుపోలేదు. 1945 నవంబర్‌లో సోవియట్ సైన్యం ఉన్న హంగేరీలోనే ఎన్నికలు సజావుగా జరిగాయి. చిన్న రైతుల పార్టీకి 57 శాతం, కమ్యూనిస్టులకి 17 శాతం వచ్చాయి. 1947 జూన్ 5న యూరప్‌ని నిలబెట్టడానికి అమెరికా మార్షల్ సాయం ప్రకటిస్తే సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ పెద్ద బృందంతో పారిస్ వెళ్లాడు. ముందే వద్దనుకుంటే అంతమందిని వెంటేసుకెళ్లడు కదా. జూలై 2న లేచి వచ్చేశాడు. చెకొస్లొవేకియా మార్షల్ సాయానికి ముందు సరేనంది, మాస్కోకి పిలిపించి మాట్లాడాక వద్దంది. నా దృష్టిలో తలుపు మూసుకున్నది ఆ జూలైలో.

ఇక 1948 జూన్ 20. పశ్చిమ మండలాల్లో కొత్త డాయిష్ మార్క్ వచ్చింది. నోట్లు అమెరికాలో రహస్యంగా అచ్చువేయించి ఓడల్లో తెచ్చారు. మనిషికి తొలివిడత 40 మార్కులు. అప్పటిదాకా ఖాళీగా ఉన్న షాపుల అద్దాల వెనక రాత్రికి రాత్రి సరుకు కనబడింది. చెల్లని పాత నోట్లన్నీ తూర్పుకి వరదలా వచ్చిపడతాయని సోవియట్‌లు కంగారుపడ్డారు. కొత్తవి అచ్చువేసే టైం లేదు. పాత నోట్ల మీదే చిన్న కూపన్లు జిగురుతో అతికించి చలామణిలో పెట్టారు. అగ్రరాజ్యాల పోటీ అంటే మనకు బాంబులు, రాకెట్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ అతుకుల నోటే గుర్తొస్తుంది.

24న సోవియట్‌లు తమ మండలం మధ్యలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌ని దిగ్బంధించారు. స్టాలిన్ చేసిన అతిపెద్ద తప్పు ఇదే అంటాను. 20 లక్షలకు పైగా జనాన్ని తిండీ బొగ్గూ లేకుండా చేసి బేరమాడాలనుకున్నాడు. అమెరికా, బ్రిటన్ విమానాల్లోనే సరుకు చేరవేశాయి: 2 లక్షల 70 వేలకు పైగా విమాన యాత్రలు, సుమారు 23 లక్షల టన్నుల సరుకు, అందులో మూడింట రెండొంతులు బొగ్గు. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేసేనాటికి నాటో పుట్టి నెల దాటింది. జర్మనీ ఏకమై తన మీదకు రాకూడదనుకున్నవాడు దాని పశ్చిమ భాగాన్ని చేతులారా అమెరికాకి అప్పగించాడు.

గట్టుమీద:
పాతఅట్లాసు గారూ, హంగేరీ గురించి సగమే చెప్పారు. ఆ గెలిచిన పార్టీ ప్రధాన కార్యదర్శి బేలా కోవాచ్‌ని సోవియట్ అధికారులే 1947 ఫిబ్రవరి 25న అరెస్టు చేసి తీసుకెళ్లారు. మార్షల్ ప్రసంగానికి మూడు నెలల ముందు. ట్రూమన్ సిద్ధాంతం కూడా అప్పటికి రాలేదు. జూలై దాకా తలుపు తెరిచే ఉందంటే ఆయన కుటుంబానికి ఏం సమాధానం చెబుతాం?

పాతఅట్లాసు:
ఒప్పుకుంటున్నాను. ఆ తేదీ నా వాదనని దెబ్బతీస్తుంది. సవరించుకుని చెబుతాను: తన సైన్యం నిలబడ్డ చోట ఇంకొకరి మాట చెల్లనివ్వకూడదని స్టాలిన్ ముందే అనుకున్నాడు, ఎంత తొందరగా అన్నదే తేలలేదు. మార్షల్ ప్రణాళికతో ఆ తొందర పెరిగింది. అయితే తన సైన్యం లేని చోట ఆయన చాలా జాగ్రత్తగా ఉన్నాడు. గ్రీసు అంతర్యుద్ధంలో కమ్యూనిస్టులకి ఆసరా ఇచ్చింది యుగోస్లావియా నాయకుడు టిటో. స్టాలిన్ 1948 ఫిబ్రవరిలో ఆ తిరుగుబాటు ముగించాలని యుగోస్లావ్‌లకి చెప్పాడు. కానీ 1947లో ట్రూమన్ గ్రీసు, టర్కీల సాయానికి 40 కోట్ల డాలర్లు అడిగింది, ఆ దేశాల మీది ఒత్తిడి వెనక మాస్కో ఉందన్న అంచనాతో.

చలిమంట:
దీనికి మన దగ్గరే ఇంకో రుజువుంది. 1951 మొదట్లో తెలంగాణ సాయుధ పోరాటం సాగించాలా ఆపాలా తేల్చుకోడానికి నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ని కలిశారు. అజయ్ ఘోష్, డాంగే, మన మాకినేని బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు. చైనాకి వెన్నుదన్నుగా సోవియట్ సరిహద్దు ఉంది, మీకు అలాంటిది లేదు, చైనా దారి మీకు కుదరదన్నట్టుగా ఆయన చెప్పాడు. అక్టోబర్‌లో పోరాటం విరమించారు. ప్రపంచమంతా విప్లవం ఎగదోస్తున్నాడని అమెరికా భయపడ్డ మనిషి, అడవుల్లో తుపాకులు పట్టినవాళ్లకి ఇచ్చిన సలహా ఇది.

వెన్నెలదారి:
అందరికీ థాంక్సండీ. తమ్ముడు మొత్తం చదివాడు. ఆ వాక్యం పక్కన "హంగేరీ 1945 / కోవాచ్ 1947 / నోట్లు 1948" అని రాసుకున్నాడు. వాడి ప్రశ్న ఇంకొకటి: సైన్యం ఉన్న చోట వదలడంటున్నారు, మరి ఇరాన్‌ని 1946లో ఎందుకు వదిలాడు?

పాతఅట్లాసు:
మంచి ప్రశ్న అడిగాడు. యుద్ధకాలంలో దిగిన సోవియట్ సైన్యం వెళ్లిపోవాల్సిన 1946 మార్చి 2 గడువు దాటినా ఉత్తర ఇరాన్ నుంచి కదల్లేదు. ఐక్యరాజ్యసమితిలో గొడవైంది, అమెరికా గట్టిగా నిలబడింది. చమురు ఒప్పందం ఇస్తామని ఇరాన్ ప్రధాని కవామ్ మాటిస్తే మే నెలలో వెళ్లిపోయారు. ఉత్తర ఇరాన్ నగరం తబ్రీజ్‌లో వాళ్లు నిలబెట్టిన ప్రభుత్వం డిసెంబర్‌లో కూలిపోయింది. ఆ చమురు ఒప్పందాన్ని 1947 అక్టోబర్‌లో ఇరాన్ పార్లమెంటు (మజ్లిస్) తోసిపుచ్చింది. అయినా స్టాలిన్ సైన్యాన్ని మళ్లీ పంపలేదు. గట్టుమీద గారు దీన్ని అమెరికా ఒత్తిడి ఫలితం అంటారు, చలిమంట గారు స్టాలిన్ జాగ్రత్త అంటారు. నాకు ఒత్తిడే ఎక్కువ పనిచేసిందనిపిస్తోంది. ఇందులో మాత్రం గట్టుమీద గారి వైపే నేను.