బడి గోడల మీద సూక్తులు: పిల్లలకి ఏమైనా ఒరుగుతుందా?

చాక్‌పీస్: శ్రీకాకుళం దగ్గర హైస్కూలు. వేసవిలో రంగులు వేయిస్తున్నాం. ఆరు గదుల్లోనూ సూక్తులు రాయించాలని కమిటీ పట్టు. నిజంగా పనికొస్తాయా?

గోడరాత: చదవగలిగితే వస్తాయి. అంగుళం అక్షరం పదడుగుల దూరానికే హాయి. వెనక బెంచీ పాతికడుగుల్లో ఉంటే రెండున్నర అంగుళాలు ఉండాలి. మన లిపికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి గదా, వరసల మధ్య అక్షరమంత ఖాళీ వదలకపోతే పై వరస వత్తు కింది వరస గుడి మీద కూర్చుంటాది. కొత్త గచ్చు మీద నెల తిరక్కుండా ఎనామిల్ వేయకండి. సిమెంటు క్షారం రంగులోని నూనెని సబ్బు చేసేస్తాది, పొక్కి ఊడిపోతాది.

నాగావళి: రంగు సంగతి సరే మాస్టారూ. ఏడాదంతా ఒకే మాట ఎదురుగా ఉంటే రెండో వారానికే గోడలో కలిసిపోతుంది. వారానికో మాట నల్లబల్ల మీద రాస్తే చాలు, దాని కింద పిల్లాడు ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తాడో రాయాలి. "సాధనమున పనులు సమకూరు" అని ఊరుకుంటే లాభం లేదు. "రాత్రి కంచం కడిగాక అరుగు మీద కూర్చుని ఎనిమిదో ఎక్కం రెండుసార్లు రాస్తాను" అని ఉండాలి. ఇలా సమయం, చోటు ముడిపెట్టుకుంటే పని జరుగుతుందని గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లోనే రాశాడు.

బొబ్బిలి_వీణ: గడియారం పక్కన రాసినవైతే చదువుతారు.

గోడరాత: నల్లబల్ల మీది మాట సాయంత్రానికి డస్టరు పాలు. గురజాడ పోయింది 1915లో. "దేశమంటే మట్టికాదోయ్" విజయనగరం పిల్లాడికి ఇప్పటికీ నోటికొస్తోందంటే గోడలవల్లే.

పలాస_పిక్క: అదే గేయంలో "తిండి కలిగితే కండ కలదోయ్" అని కూడా ఉంది. అది ఎన్ని బళ్ళలో రాశారండీ?

గోడరాత: ఏది రాయమంటే అది రాస్తాం. అక్షరం నిలబడాలన్నదే నా మాట.

పలాస_పిక్క: నిలబడితేనే భయం. "నేను ప్రేమకి తగిన మనిషిని" లాంటి మాటలు తమమీద తమకి నమ్మకం తక్కువున్నవాళ్ళు వల్లిస్తే ఇంకా కుంగిపోయారని కెనడాలో జోయాన్ వుడ్ అనే మనస్తత్వవేత్త బృందం 2009లో చూపించింది.

గోడరాత: అంటే మేం గోడలకి విషం పూస్తున్నామా? ఎండలో నిచ్చెనెక్కి రాసే చేతికి ఇదా మర్యాద?

పలాస_పిక్క: మీ చేతిని అన్లేదు బాబూ, ఆ మాట ఎంచినవాళ్ళని అంటున్నాను. అమ్మానాన్న వలసెళ్ళి, ముసలమ్మ దగ్గరుండే పిల్ల నెత్తిన "కష్టపడితే గెలుపు నీదే" అని రాస్తే, "ఓడితే తప్పు నీదే" అని చదువుకుంటాది. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళకి జీడి అంటి చర్మం ఊడిన తల్లి కష్టపడలేదా?

నాగావళి: మరి మాటే వద్దంటారా? ఆ పిల్లకి ఒంటరిగా ఉన్నప్పుడు పట్టుకోడానికి నోట్లో ఒక మాటైనా ఉండాలి గదా.

పలాస_పిక్క: ఉండాలి. పిల్లలే ఎంచుకోవాలి. ముసలమ్మ సామెతైనా, తనకి నచ్చిన పద్యమైనా. పెద్దాళ్ళు ఆజ్ఞలా అంటించొద్దు.

చాక్‌పీస్: అయితే గదికో చిన్న నల్లబల్ల చాలేమో. ఖర్చెంత?

గోడరాత: నాలుగడుగులు మూడడుగుల దానికి బ్లాక్‌బోర్డు రంగు పావు లీటరు, రెండు పూతలు. చెమ్మెక్కే గోడ మీద వద్దు. కింది అంచు నేలకి రెండున్నర అడుగుల్లో ఉంచండి, ఆరో తరగతి పిల్లకి చెయ్యందాలి.