వానాకాలంలో కాఫీ పొడి ఫ్రిజ్‌లో పెట్టాలా, వద్దా? (గోడ చెమ్మ గొడవతో సహా)

నెల్లూరు_కోడలు

చెన్నైలో ఉండే తెలుగువాళ్లందరికీ ఒక పంచాయితీ. మాది విల్లివాక్కం, మొదటి అంతస్తు, అద్దె ఇల్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి కాఫీ డబ్బా మూత తీస్తే లోపల పొడి ఉండటం లేదు, బెల్లం అచ్చు ఉంటోంది. చెంచా గుచ్చితే చెంచా నిలబడుతోంది. దాన్నే చిదిమి ఫిల్టర్లో వేస్తే నీళ్లు దిగి చావవు. నిన్న పొద్దున్న ఆరింటికి పోసిన నీళ్లు ఏడుంబావుకి కూడా పై గిన్నెలో చెరువులా అట్లానే ఉన్నాయి. మా ఆయన కాఫీ తాగకుండా ఆఫీసుకి పోయారు. ఆ మొహం మీరు చూడాల్సింది.

డబ్బా ఫ్రిజ్‌లో పెట్టమని ఆయన. కాఫీ పొడి ఫ్రిజ్‌లో పెట్టే ఇంట్లో కాఫీ ముట్టనని మా అత్తగారు. మధ్యలో నేను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ డబ్బా పెట్టే అలమర వెనక గోడంతా చెమ్మ. పెయింటు పొక్కులు లేచి, వేలితో నొక్కితే అప్పడంలా విరిగిపోతోంది. ఓనరు గారికి చూపిస్తే "రోజుకి నాలుగుసార్లు పాలూ నీళ్లూ మరగబెడతారు కదమ్మా, ఆ ఆవిరే" అన్నారు. అంటే తప్పు మా కాఫీదేనంట! ఫ్రిజ్ సంగతీ తేల్చండి, ఈ గోడ సంగతీ తేల్చండి.

మాంబళం_మామ

అమ్మాయ్, నాది మీ అత్తగారి పక్షమే. నలభై ఏళ్లుగా పశ్చిమ మాంబళంలో ఉంటున్నాను, కాఫీ పొడికి ఫ్రిజ్ గాలి తగలనివ్వలేదు. ఫ్రిజ్‌లో ఏముంటాయి? నిన్నటి సాంబారు, పులిసిన దోసెల పిండి, తరిగి పెట్టిన ఉల్లిపాయ. కాఫీ పొడి ఇవన్నీ పీల్చుకుంటుంది. నమ్మకపోతే ఫిల్టర్లో మిగిలిన పిప్పిని ఆరబెట్టి ఓ గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి చూడు, రెండు రోజుల్లో ఫ్రిజ్ వాసన పోతుంది. వాసన ఎక్కడికి పోయినట్టు?

వానాకాలంలో అరకిలో కొనడమే తప్పు. వంద గ్రాములు కొను, అదీ కళ్లముందు మర పట్టించుకుని. నాకు పీబెర్రీ, ప్లాంటేషన్ ఏ రకం గింజలు సగం సగం, అందులో కలిపే చికోరీ వేరు పొడి నూటికి 20 పాళ్లు. అయిపోతే మళ్లీ అంగడికి నడు. నడక కూడా అయినట్టుంటుంది.

డికాక్షన్ దిగకపోతే పై గిన్నెని ఒక్కసారి కొంచెం ఎత్తి మళ్లీ పెట్టు. అడుగు గిన్నెలో చిక్కుకున్న గాలి బయటికి పోతే చుక్క పడుతుంది. మూత మీద కొడితే మూత సొట్ట పడుతుందంతే.

డవరా_గ్లాసు

మామగారూ, రిటైరైన వాళ్లకి వారానికి రెండుసార్లు అంగడి నడక బానే ఉంటుంది. ఉదయం ఏడున్నరకి బస్సెక్కే వాళ్ల మాటేంటి? నేను ఆరేళ్లుగా డీప్ ఫ్రీజర్లో పెడుతున్నా. కాకపోతే డబ్బా మొత్తం కాదు. కొనగానే యాభయ్యేసి గ్రాముల పొట్లాలు కట్టి, గాలి లేకుండా మూసి పెడతా. ఒక పొట్లం బయటికొస్తే మళ్లీ లోపలికి పోదు. కిటుకంతా అక్కడే ఉంది. చల్లటి డబ్బా బయట పెట్టి మూత తీస్తే చెన్నై గాలి లోపలికి దూరి పొడి మీదే నీరవుతుంది. ఐసు నీళ్ల గ్లాసుకి పట్టే చెమటే అది. రోజూ తీసి పెట్టేవాళ్లకి ఫ్రిజ్ వద్దు, నిజమే. పొట్లాలు కట్టే ఓపిక ఉన్నవాళ్లకి ఫ్రీజర్ బంగారం.

మాంబళం_మామ

పొట్లాలు కట్టే ఓపికుంది గానీ అంగడికి పోయే ఓపిక లేదన్నమాట.

అరకు_అభిమాని

అసలు మీరు వాడే పొడిలో చికోరీ ఎంత? ప్యాకెట్ మీద రాసుంటుంది, రాయాలని నిబంధన. వేయించిన చికోరీ కాఫీ కన్నా చాలా తొందరగా తేమ లాగుతుంది, అదే బంకలా సాగి ఫిల్టర్ చిల్లులు మూసేస్తుంది. చికోరీ లేని అరకు అరబికా ఒక్కసారి వాడి చూడండి. మన అరకు లోయ కాఫీకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చేది) కూడా వచ్చింది. చికోరీ వేర్ల పొడి తాగుతూ కాఫీ పాడైందనడం న్యాయం కాదు.

నెల్లూరు_కోడలు

ఇప్పుడే చూశా. కాఫీ 60, చికోరీ 40. చవగ్గా ఉందని మా ఆయనే తెచ్చారు. ఈ మాట అత్తగారికి ఇంకా చెప్పలేదు.

మాంబళం_మామ

నలభయ్యా! చెప్పకు తల్లీ, పండగ పూట ఇంట్లో గొడవెందుకు. ఇరవై దాటితే చెన్నై వానకి ఆగదు. అరకు బాబూ, నీ కాఫీ మంచిదే, కాదనను. కానీ పాలు కలిపాక చిక్కదనం, ఆ రంగు చికోరీ లేకుండా రావు. నల్ల కాఫీ తాగేవాళ్ల సలహా పాల కాఫీ తాగేవాళ్లకి పనికిరాదు.

బెంగళూర్ల_ఒంటరి

నేను మడివాళల ఒక్కన్నే ఉంట. జులైల మాకూ ఇదే కత, పొడి గడ్డ కడ్తది, బెల్టుకు బూజు వడ్తది. నాకొక డౌటు. మంగళూరు దిక్కు కాఫీ గింజల్ని కావాలనే వానకాలం గాలికి వెడ్తరు గద, మాన్సూన్డ్ మలబార్ అని? గింజ ఉబ్బి పసుపురంగుకొస్తది, పులుపు తగ్గుతది, దేశం బయట మంచి ధర పలుకుతది. మరి తేమ కాఫీకి అంత పగోడైతే అదెట్ల?

అరకు_అభిమాని

అది వేయించని పచ్చి గింజ తమ్ముడూ. దాంట్లో ఎలాగూ పదో వంతు పైన నీళ్లుంటాయి, ఇంకాస్త తాగి ఉబ్బుతుంది. తర్వాత ఆరబెట్టి, వేయిస్తారు. వేగి పొడయ్యాక తేమ తగిలితే ఉన్న వాసన పోతుందే తప్ప కొత్తది రాదు. పచ్చి అప్పడం ఆరుబయట పెట్టొచ్చు, వేయించిన అప్పడం పెట్టి చూడు.

రెండు_వాటాల_ఓనరు

అందరూ కాఫీ మీద పడ్డారు గానీ ఓనరు మాట ఒక్కరూ పట్టించుకోలేదు. నేనూ పెరంబూరులో రెండు వాటాలు అద్దెకిచ్చినవాణ్ణే. వాన వస్తే చాలు, హాల్లో తాళ్లు కట్టి బట్టలారేస్తారు, కిటికీలు బిగిస్తారు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి కరెంటు బిల్లని ఆపేస్తారు. మూడేళ్లకి గోడ నల్లబడితే కట్టినవాడిది తప్పు! మరిగే గిన్నె మీద మూత పెట్టమంటే ఓనరు పిసినారి.

సైటు_ఇంజనీరు

ఇరవై ఏళ్లుగా ఇళ్ల చెమ్మ చూస్తున్నవాణ్ణి, ఓ మాట చెప్తా. ఓనరు గారు బట్టల విషయంలో కరెక్టే. మా ఇంట్లో ఓసారి మెషిన్ నుంచి తీసిన బట్టల బకెట్ తూచాను: ఏడున్నర కిలోలు. ఆరాక అదే బకెట్ అయిదు కిలోల చిల్లర. మిగతా నీళ్లన్నీ ఇంటి గాలిలోనే కలిశాయి. దాని ముందు నాలుగు కాఫీల ఆవిరి ఒక గ్లాసుడు కూడా ఉండదు. కాఫీని వదిలేయండి.

అమ్మా, నాకు రెండు విషయాలు కావాలి. ఆ గోడకి అవతల ఏముంది? చెమ్మ కిందనుంచి పైకి పాకుతోందా, పైన మొదలైందా?

నెల్లూరు_కోడలు

అవతల మా పడగ్గది సార్, గోడ మూలకి వచ్చేసరికి బాత్రూం. చెమ్మ రెండు చోట్లా ఉంది. అలమర దగ్గర నల్ల చుక్కలు, కింద మూలలో పొక్కులు, తెల్లగా ఉప్పు తేలినట్టు. బట్టలు మేం మిద్దె మీద షెడ్డులోనే ఆరేస్తాం, ఇంట్లో కాదు.

సైటు_ఇంజనీరు

పడగ్గదిలో ఏసీ ఎంతలో పెడతారు?

నెల్లూరు_కోడలు

18. వాన పడుతున్నా సరే 18. మా ఆయన.

సైటు_ఇంజనీరు

అదీ సంగతి. మధ్య గోడ నాలుగున్నర అంగుళాలదై ఉంటుంది. రాత్రంతా ఏసీ దాన్ని చల్లబరుస్తుంది. ఈ నెలల్లో చెన్నై గాలిలో ఎంత తేమ ఉంటుందంటే, 22, 23 డిగ్రీల వస్తువు తగిలినా చాలు, చెమరుస్తుంది. అంటే వంటింటి వైపు ఆ గోడే మీ ఐసు నీళ్ల గ్లాసు. దాన్నానుకుని కాఫీ డబ్బా.

కింద మూలలో ఉప్పు తేలిందంటే అది వేరే రోగం. నీళ్లు గోడ లోపల్నుంచి వస్తూ సిమెంటులో, ఇటుకలో ఉన్న లవణాల్ని పైకి తోస్తాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. మొదటి అంతస్తు కాబట్టి నేల చెమ్మ కాదు. బాత్రూం పలకల సందులో సిమెంటు పోయిందో, గోడలో పైపు కారుతోందో.

ఊహ ఎందుకు, చూసేద్దాం. రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు రెండు ముక్కలు, జానెడేసి. గోడ పైపైన ఆరేలా ఫ్యాను పెట్టి, ఒకటి అలమర దగ్గర, ఒకటి కింద మూలలో, నాలుగు అంచులూ టేపుతో బిగించండి. రెండు రోజులాగి చూడండి. రేకు బయటి వైపు తడిస్తే గాలిలో తేమ. ఊడదీస్తే గోడ వైపు తడుంటే నీళ్లు లోపల్నుంచి.

రెండు_వాటాల_ఓనరు

ఏసీ మాట వచ్చింది, చూశారా? ఓనరు కాదు, అల్లుడుగారు.

డవరా_గ్లాసు

ఆవిడ కోడలండీ. అల్లుడెక్కణ్ణుంచి వచ్చాడు?

నెల్లూరు_కోడలు

మూడు రోజులైంది, వచ్చి చెప్తున్నా. అలమర దగ్గర రేకు బయట తడి, పొద్దున్నే వేలితో గీస్తే గీత పడింది. వెనక పొడిగా ఉంది. కింద మూల రేకు బయట పొడి, ఊడదీస్తే వెనక నీటి బొట్లు, రేకుకి సున్నం అంటుకుని ఊడొచ్చింది. అంటే మావారికి సగం, ఓనరు గారికి సగం. ఫొటోలు పంపించా. ఆదివారం ప్లంబర్ని తీసుకొస్తామన్నారు. కాఫీ మాట మాత్రం ఈసారి ఎత్తలేదు.

ఏసీ 26కి వచ్చింది, ఫ్యాను తోడుగా. మొదటి రాత్రి అలిగారు, రెండో రాత్రి గురక పెట్టారు. వంద గ్రాముల పొడి, 80:20, మామగారు చెప్పినట్టే మర పట్టించి తెచ్చా. ఇరవై నిమిషాల్లో డికాక్షన్ దిగింది. ఫ్రిజ్ గొడవ లేదు. అత్తగారు ఎవర్నీ నమ్మనని డబ్బా తన మంచం పక్క బల్ల మీదకి మార్చుకున్నారు, అమృతాంజనం సీసా పక్కన.

మాంబళం_మామ

అమృతాంజనం పక్కనా? అమ్మాయ్, ముందు ఆ డబ్బా అక్కణ్ణుంచి తీయించు!