సెబ్రైట్ పిల్లల్లో సింగిల్ జుట్టు పుంజు: బ్రీడింగ్‌లో ఉంచాలా, తీసేయాలా?

పెరటి పుంజు:
అందరికీ నమస్తే అండీ, మాది తణుకు దగ్గర. గోల్డెన్ సెబ్రైట్ బాంటమ్‌లు, అదే బంగారు రంగు పొట్టి ఫ్యాన్సీ కోళ్ళు, చిన్న మందగా పెంచుదామని మొదలెట్టా, రెండు పుంజులు ఐదు పెట్టలు. పుంజులు తొక్కుతూనే ఉన్నాయి కానీ ఇంక్యుబేటర్లో పెట్టిన వారానికి టార్చ్ వేసి చూస్తే సగం పైన గుడ్లు ఖాళీ. దిగిన కాసిని పిల్లల్లో ఒక పుంజుపిల్ల సింగిల్ జుట్టుతో (రంపంలా నిలబడే ఒంటి వరస జుట్టు) వచ్చింది, మిగతావన్నీ రోజ్ కోంబే (వెడల్పుగా, గరుకుగా ఉండే జుట్టు). ఒంట్లో గానీ ఈక చుట్టూ ఆ నల్ల గీతలో గానీ మిగతావి దీని ముందు నిలబడవు. పక్షులు ఇచ్చినాయన కోసేయమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

గోదారి గట్టు:
తీసెయ్ బ్రదర్, ఇందులో ఆలోచించడానికి ఏముంది. సెబ్రైట్ అంటే రోజ్ కోంబే, జాతి ఎలా ఉండాలో రాసిన స్టాండర్డ్‌లో ఉన్నది అదే. సింగిల్ జుట్టు వచ్చిందంటే పైన ఎక్కడో నాటుకోడి కలిసింది. మన దగ్గర ఫ్యాన్సీ కోళ్ళ పేరు చెప్పి వాట్సాప్ గ్రూపుల్లో ఏది పడితే అది అమ్మేస్తున్నారు, కొన్నోడు ఏడాది తర్వాత తల పట్టుకుంటున్నాడు. ఉన్న నాలుగైనా శుభ్రంగా ఉంచుదాం.

నల్లంచు:
గట్టు గారూ, మీ బాధ నాకు తెలుసు, మోసం అమ్మకాలు నేనూ చూస్తున్నా. కానీ ఈ పుంజుని మాత్రం కొయ్యొద్దని గట్టిగా చెప్తున్నా. ఏ జీన్ అయినా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది కదా, రోజ్ కోంబ్ జీన్ అలా రెండు కాపీలు ఉన్న పుంజులో వీర్యకణాలు సరిగ్గా ఈదలేవు. 2012లో దీని కారణం కూడా దొరికింది, 7వ క్రోమోజోమ్‌లో ఒక పెద్ద ముక్క తిరగబడటం వల్ల రోజ్ కోంబ్ వస్తుంది, అదే తిరగబడటం ఇంకోచోట ఒక జీన్‌ని తెంపేసి పుంజు సంతానశక్తిని దెబ్బతీస్తుంది. ఒక్క కాపీ ఉన్న పుంజుకి గానీ, అసలు కాపీయే లేని సింగిల్ జుట్టు పుంజుకి గానీ ఆ ఇబ్బంది లేదు, పెట్టలకైతే రెండు కాపీలున్నా ఏం కాదు. అందుకే వయాండాట్ అనే ఇంకో రోజ్ కోంబ్ జాతిలో తరతరాలుగా ఏరి పారేసినా సింగిల్ జుట్టు పిల్లలు వస్తూనే ఉన్నాయి, ఒక్క కాపీ పుంజులే ఎక్కువ పిల్లల్ని ఇస్తాయి కాబట్టి సింగిల్ జుట్టు జీన్ మందలోంచి పోదు.

ఇప్పుడు మీ పిల్ల సంగతి. సింగిల్ జుట్టు రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్కో కాపీ వాళ్ళే అయ్యుండాలి, అంటే మీ రెండు పుంజుల్లో దీని తండ్రి కూడా పనికొచ్చే పుంజే, అది ఏదో కనిపెట్టండి. నాటు కలిసిందా అన్నది జుట్టు చూసి తేల్చలేం, తోక చూడండి. సెబ్రైట్ పుంజుకి పెట్టలాంటి ఈకలే ఉంటాయి, కొడవలి ఈకలు సాగవు, కాళ్ళు నీలం కలిసిన బూడిద రంగు. నాటు కలిస్తే ముందు చెడేది ఆ నల్ల అంచే. మీరు చెప్పినట్టు అంచు అంత నీట్‌గా ఉంటే నాకైతే అనుమానం లేదు. దాన్ని రెండు కాపీల పెట్టల మీద వెయ్యండి, పిల్లలన్నీ రోజ్ కోంబే వస్తాయి, ఒక్కటి కూడా సింగిల్ రాదు, పుంజులన్నీ ఒక్క కాపీవే. అసలు సర్ జాన్ సెబ్రైట్ 1800ల మొదట్లో ఇంగ్లండ్‌లో రకరకాల కోళ్ళు కలిపేగా ఈ జాతిని తీసింది!

గోదారి గట్టు:
ఆ పిల్లల్ని మీరు వేరేవాళ్ళకి అమ్ముతారు కదా, వాళ్ళు అన్నా చెల్లెళ్ళని జత కలిపితే నాలుగింట ఒకటి సింగిల్ దిగుతుంది, అప్పుడు తిట్లు ఎవరికి? పైగా ఖాళీ గుడ్లకి కారణం జుట్టొక్కటే కాదు, మన ఎండలకి ఏ పుంజైనా నీరసపడుతుంది.

నల్లంచు:
ఎండ సంగతి నిజమే, వేసవి గుడ్లని బట్టి ఏ పుంజునీ వట్టిదని తేల్చకూడదు. అమ్మకం సంగతీ ఒప్పుకుంటా, కాలికి రింగు వేసి ఈ పుంజు పిల్లలివి అని చెప్పే ఇవ్వాలి, చెప్పకుండా అమ్మితే తప్పే. కానీ రోజ్ కోంబ్ కోసం ఏరుతూ ఏరుతూ గుడ్డు నిలవని పక్షుల్ని మిగుల్చుకుంటే ఇక ఏ జాతిని కాపాడినట్టు?

పెరటి పుంజు గారూ, ఇంకో మాట. ఉన్న పుంజుల్ని పక్కన పెట్టేసి దీన్నొక్కదాన్నే వాడొద్దు. ఒక్క పుంజు ఐదు పెట్టలతో నడిపితే మేనరికం తరానికి 15 శాతం చొప్పున పెరుగుతుంది, రెండు పుంజులతో 9 శాతం లోపే. దీన్ని తల్లి మీదకి మాత్రం వదలకండి. వీలైతే వేరే చోటి నుంచి సిల్వర్ సెబ్రైట్ పెట్టల్ని తెచ్చి దీనికి కలపండి, ఆ రంగు జీన్ పుంజు నుంచే కూతుళ్ళకి వెళ్తుంది కాబట్టి పెట్టపిల్లలన్నీ గోల్డెన్‌గానే వస్తాయి, కొత్త రక్తం వస్తుంది, రంగూ చెడదు. పుంజుపిల్లలు మాత్రం పసుపు కలిసిన సిల్వర్‌గా వస్తాయి, వాటిని పెంపకానికి ఇచ్చేయండి, బ్రీడింగ్‌కని అమ్మకండి.

పుంజు మార్చాక మూడు వారాల దాకా గుడ్లు పొదగెయ్యకండి, పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో అన్నాళ్ళు ఉండొచ్చు, ఏ పిల్ల ఎవరిదో తేలదు.